తాళంచెవి అప్పగించే విద్య

ఇల్లు కట్టిన మేస్త్రీ గృహప్రవేశం నాటికి తాళంచెవులన్నీ యజమాని చేతిలో పెట్టేస్తాడు. ఒక్కటి దాచుకున్నాడని తెలిసినా, ఎంత పనిమంతుడైనా ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవరు. రక్షణ రంగానికి కాంట్రాక్టు మీద డేటా వ్యవస్థలు డిజైన్ చేసేవాళ్లకు మొదట అబ్బాల్సిన గుణం ఇదే. హైదరాబాదులో డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్ ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది. ఈ పని మన ఇంటి ముంగిట్లోదే. కోడింగ్ చాలామందికి వచ్చు, నిలబెట్టేది మాత్రం నడవడి.

మిమ్మల్నీ ఆపేలా కట్టండి

2013లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ రహస్య పత్రాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగే. ఆయన చేసింది తప్పా ఒప్పా అన్న వాదన ఇంకా తెగలేదు. డిజైనర్‌కు మాత్రం పాఠం స్పష్టం: అన్ని తలుపులూ ఒక్కరి చేతిలో ఉండకూడదు. పనికి ఎంత అవసరమో అంతే అనుమతి ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. ఆ నియమాన్ని ముందు మీ లాగిన్‌కే పెట్టండి. ‘నన్ను నమ్మరా?’ అని నొచ్చుకోవద్దు. రేపు ఏదైనా జరిగితే మీ నిజాయితీకి సాక్ష్యం చెప్పేది, ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో నమోదు చేసే లాగ్ ఫైలే.

తప్పులు వెతికించుకోండి

వ్యవస్థ వివరాలు శత్రువుకు తెలిసిపోయినా రహస్య కీ ఒక్కటి భద్రంగా ఉంటే చాలన్నట్టు ఉండాలని గూఢలిపి నిపుణుడు కెర్క్‌హాఫ్స్ 1883లోనే చెప్పాడు. కాబట్టి మీ డిజైన్‌ను, చూసే అనుమతి ఉన్న సహచరుల ముందు పరిచి, లోపాలు వెతకమనండి. ఈరోజు వాళ్లు పట్టుకున్న తప్పు రేపు శత్రువుకు దొరకదు.

గొళ్లెం మరవకండి

2008లో అమెరికా సైన్యపు రహస్య నెట్‌వర్క్‌లోకి హానికర ప్రోగ్రామ్ దూరింది ఒక పెన్‌డ్రైవ్ వల్ల. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అన్నట్టయింది! అందుకే ఫోన్ గేటు దగ్గర ఇమ్మంటే ఇచ్చేయండి, విసుక్కోకండి. నోటికీ గొళ్లెం ఉండాలి: పెళ్లిలో బాబాయి ‘ఏం ప్రాజెక్టురా?’ అంటే, ‘డేటా పని బాబాయ్, అంతకు మించి చెప్పకూడదు’ అని నవ్వుతూ ఆపండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కాంట్రాక్టు వాళ్లకూ వర్తిస్తుంది.

మొదటి రోజే చివరి రోజు గురించి ఆలోచించండి

‘నేను లేకపోతే నడవదు’ అనిపించుకోవాలని కాంట్రాక్టు ఉద్యోగికి ఆశ ఉంటుంది. ఇక్కడ అది ప్రమాదం. చేరిన వారంలోనే అప్పగింత పుస్తకం మొదలుపెట్టండి. ఏ భాగం ఎందుకలా కట్టారో, చెడిపోతే ఏం చేయాలో ఏరోజుకారోజు రాయండి. వెళ్లేరోజు మీ ఐడీ రద్దయిందో లేదో మీరే అడిగి తెలుసుకోండి.

మర్నాడు మీ పాస్‌వర్డ్‌కు ఆ తలుపు తెరుచుకోకపోతే, మీరు గట్టిగా కట్టినట్టే.