సిరొంచకు పోవు మేనల్లునికి



నీ జాబు అందినది. ఉదయమునకు కాళేశ్వరము చేరి, అభిషేకము చేయించుకొని, మధ్యాహ్నమునకే మరలుదునని వ్రాసితివి. అట్టి దర్శనమునకు గోదావరి దాక పోనేల నాయనా, మీ వీథిచివరి శివాలయమే చాలును గదా! నా మాట విందువేని, ముందునాటి సాయంకాలమే వంతెన దాటి ఆవలియొడ్డున సిరొంచలో ఒక రాత్రి నిలిచి, మఱునాటి వేకువను స్వామిని సేవింపుము.

ప్రాణహిత యెడమగట్టుననున్న ఆ చిన్న పట్టణము నేడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు కొనయూరు. అంగళ్లపై పలకలు దేవనాగరిలో నుండును. వాని క్రింద బేరము మాత్రము తెలుగుననే సాగుచుండును. 1860లో నిజాము ప్రభువు సంధిమూలమున గోదావరి యెడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కొప్పగింపగా, వారు వానినన్నిటిని కూర్చి ఎగువ గోదావరి జిల్లా యని పేరిడి, సిరొంచను దానికి ముఖ్యపట్టణము గావించిరి. పిమ్మట ఆ జిల్లా రద్దుకాగా భద్రాచలము మద్రాసువైపునకును, సిరొంచ చాందావైపునకును పోయినవి. దొరలు పటముపై గీత జరిపినంతమాత్రాన ఇంటిమాట మారునా?

మన కాటన్ దొరకును ఈ యూరికిని గల సంబంధము చాలమంది యెఱుగరు. విదర్భ ప్రత్తిని గోదావరిమీదుగా పడవలలో సముద్రమునకు దింపవలెనని ఆయన కన్న కల ననుసరించి, ఆంగ్లేయులు దారికడ్డమైన రాతిబండలను దాటుటకు దుమ్ముగూడెము మొదలుకొని ఎగువకు కాలువలు త్రవ్వి లాకులు కట్టనారంభించి, తుదకు ఖర్చు మోయలేక 1871లో ఆ పనిని విడిచిరి. అది నెఱవేఱియుండినచో సిరొంచ గొప్ప రేవై, పొగయు రొదయు నిండి, నేను నిన్నచటికి పంపవలసిన యగత్యమే లేకపోయెడిది.

సాయంకాలము ప్రాణహిత యొడ్డున కూర్చుండుము. వార్ధా, పైనగంగ, వైనగంగల నీటినంతయు మోసికొనివచ్చు ఈ నది పేరునకు ఉపనదియే గాని, సంగమమువద్ద నీటి పెద్దఱికము గోదావరిది గాదు, దీనిది.

ఇక క్షేత్రము. శ్రీశైల ద్రాక్షారామములతో కూడి త్రిలింగములలో నొకటిగా వాసికెక్కిన ఈ కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములు గలవు; ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు; రెండవది ముక్తీశ్వరుడు, అనగా శివుడు. ముక్తీశ్వరుని సేవించినవారెల్లరు మోక్షమునకే పోవుచుండగా తనకు పనియే లేకపోయెనని యముడు మొఱపెట్టుకొనగా, శివుడు తన చెంతనే చోటిచ్చి తొలిపూజ నతనికి విధించెనని స్థలపురాణము. కావున నీవును మొదట కాళేశ్వరునికి మ్రొక్కి, పిదప ముక్తీశ్వరుని కొలువుము. ముక్తీశ్వర లింగమునకు నాసికారంధ్రములవంటి రెండు రంధ్రములున్నవి. వానిలో పోసిన అభిషేకజలము ఎన్ని బిందెలు పోసినను పైకి రాక లోలోపలనే సంగమమునకు పోవునని చెప్పుదురు. అర్చకస్వామి నీరు పోయునపుడు తొందరపడక దగ్గఱగా నిలిచి చూడుము. చేతిఫోను సంచిలోనే యుండనిమ్ము. గోదావరీ ప్రాణహితలతో అంతర్వాహినియైన సరస్వతి కలియునన్న నమ్మకముచే 2025లో ఇచటనే సరస్వతీ పుష్కరములు జరిపిరి.

స్నానము మెట్లరేవుననే చేయుము, లోతునకు పోవలదు. నదిలో నీటిమట్టము మాఱుచుండును. వరంగల్లునుండి భూపాలపల్లి మీదుగా పోవుదువు గనుక, మరలివచ్చునపుడు మహాదేవపురమున ఆగి దసలిపట్టు నేయు మగ్గములను చూచి, మీ యమ్మకొక చీర తెమ్ము. వేసవి యెండ కాళేశ్వరమున దుర్భరము, వానకాలమున నది భయంకరము, శివరాత్రినాడు జనసమ్మర్దము. కార్తికము వెళ్లిన పిమ్మట మార్గశిర పుష్యములే మేలు. 2027లో గోదావరీ పుష్కరములు రానున్నవి. అప్పుడా రేవున కాలు మోపుటకే చోటుండదు. అంతకుముందే పోయిరమ్ము.