చిత్రకారుని సమాధి

శిల్పి ఉలి పట్టకముందే, చిత్రకారుడు కుంచె తడపకముందే ఒక రూపము వారి హృదయమున వెలసియుండవలెను. వెలుపల మనము చూచునది ఆ లోపలి రూపమునకు ఛాయ మాత్రమే. ఆ రూపము ఎక్కడనుండి వచ్చును? దేనివలన నిలుచును? ఈ ప్రశ్న కళాకారులకు మాత్రమే కాదు, ఆలయమున స్వామిని దర్శించు ప్రతి భక్తునికిని సంబంధించినది. ఏలయనగా, మనము ధ్యానించు మూర్తిని మనకంటె ముందు ధ్యానించినవాడు ఆ కళాకారుడే.

ఈ విషయమున మహాకవి కాళిదాసు చక్కని సూచన చేసినాడు. ‘మాళవికాగ్నిమిత్రము’న అగ్నిమిత్రుడు మొదట మాళవికను చిత్తరువులో చూచును. ఇంతటి సౌందర్యము నిజముగా ఉండునా అని సందేహించును. పిదప నాట్యరంగమున ఆమెను ప్రత్యక్షముగా చూచి, చిత్రమే ఆమెకు సరిపోలలేదని గ్రహించును. అప్పుడాతడు చిత్రకారుని చేతిని గాని, రంగులను గాని నిందింపలేదు; గీయునపుడు అతని సమాధి సడలినదని తలంచెను. లోపము చేతిది కాదు, చిత్తైకాగ్రతది. యోగికి చెప్పెడి మాటనే కవి చిత్రకారునికి చెప్పుట గమనింపదగినది.

అయితే ఈ సమాధి కన్నులు మూసికొనుటతో సిద్ధించునది కాదు. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమున వజ్రుడను రాజు మార్కండేయ మహర్షిని ప్రతిమాలక్షణమును బోధింపుమని ప్రార్థించును. చిత్రము తెలియక ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియక చిత్రము తెలియదనియు, వాద్యము లేక నృత్తము, గీతము లేక వాద్యము తెలియవనియు మహర్షి సమాధానము. గీతమున లయ, నృత్తమున కదలిక నేర్చినవాడే కదలని గోడపై కదలికను చూపగలడు. నీటి తరంగములను, అగ్నిజ్వాలను, పొగను, గాలికి రెపరెపలాడు పతాకను వ్రాయగలవానిని, నిద్రించువానికిని ప్రాణము పోయినవానికిని గల భేదమును చూపగలవానిని ఆ గ్రంథము చిత్రవిదునిగా గౌరవించినది. కనుక ధ్యానము ఒక రెక్క, లోకపరిశీలనము రెండవ రెక్క. ఈ రెండును కూడినపుడే స్ఫూర్తి ఎగురగలదు.

చిత్రవిద్య పుట్టుకను గూర్చి అదే పురాణము చెప్పిన కథయు మనోహరమైనది. తన తపస్సును భంగపరుప వచ్చిన అప్సరసలను నారాయణ మహర్షి కోపింపలేదు, శపింపలేదు. మామిడి రసముతో తన తొడపై ఒక స్త్రీరూపమును లిఖించెను. ఆ రూపమే ఊర్వశి. ఆమె అందమును చూచి అప్సరసలు సిగ్గుపడి మరలిపోయిరి. పిదప ఆ విద్యను మహర్షి విశ్వకర్మకు ఉపదేశించెను. ప్రథమ చిత్రము ఒక తపస్వి చేతినుండి, గర్వమును అణచుటకై పుట్టినదని దీని సారము.

ఈ రెండు రెక్కలను మన కన్నులతో చూడగోరిన లేపాక్షికి పోవలెను. శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురమునకు సమీపమున ఉన్న ఈ వీరభద్రాలయము, విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరుల పూనికతో విలసిల్లినది. మండపముల పైకప్పుపై సున్నపు పూతమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు వన్నెలతో పురాణగాథలు చిత్రింపబడినవి. పార్వతీ కల్యాణమున పెండ్లికూతురును అలంకరించు చెలికత్తెలను చూడుడు. వారి చీరల చారలు, గళ్ళు, అంచులు, కొప్పుల తీరులు ఆనాటి స్త్రీజనులవే. కథ కైలాసముది, కట్టు ఈ నేలది. కిరాతార్జునీయమున మీదికి దూకు వరాహమును అడవిపందిని ఎరుగని చేయి వ్రాయజాలదు. విన్న కథయు, చూచిన లోకమును ఒక్క రేఖలో కలిసిన స్థలమది.

రాతికప్పుపై నిలిచిన ఈ విద్యయే వస్త్రముపై కలంకారీగా శ్రీకాళహస్తిలో నేటికిని జీవించియున్నది. 1950 దశకమున క్షీణదశలో ఉన్న దీనిని శిక్షణ కేంద్రము నిలబెట్టినది. ఈ విద్యలో నిష్ణాతులైన జొన్నలగడ్డ గురప్పచెట్టి గారు 2008లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవములో వస్త్రమును తడిపి ఆరబెట్టి, చింతపుల్లల బొగ్గుతో రూపరేఖ గీయుదురు. ఇనుప తుక్కు, బెల్లము నీట పులియబెట్టిన ద్రవములో వెదురు కలమును ముంచి ఆ రేఖలను నల్లగా స్థిరపరచెదరు. ఎరుపు కావలసిన చోట పటిక నీటిని పూయుదురు. పటిక నీటికి చెప్పుకొనదగిన రంగు లేదు. వస్త్రమును పారు నీట ఉతికి, వేళ్ళు, బెరడులనుండి తీసిన రంగునీటిలో మరగించినపుడే పటిక తగిలిన చోట ఎరుపు తేలును. అనగా ఆ ఎరుపును కంటితో చూడకముందే చిత్రకారుడు మనస్సులో చూచియుండవలెను. కాళిదాసు చెప్పిన సమాధికి ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనము వేరొకటి కావలెనా?

స్ఫూర్తి యనునది ఎప్పుడో మెరసి మాయమగు మెరుపని పలువురు తలంతురు. మెరుపు వచ్చినను దానిని పట్టి నిలుపు పాత్ర కావలయును. నిత్యసాధన, కథాశ్రవణము, లోకమును శ్రద్ధతో చూచుట, ఫలము కనబడకున్నను ఓపికతో పని చేయుట — ఇవియే ఆ పాత్ర. లేపాక్షి ఆలయమును కట్టించినవారి పేర్లు లోకమునకు తెలియును. వీరభద్రుని సన్నిధిని వారి రూపములు కూడ చిత్రింపబడినవి. ఆ చిత్రములను వ్రాసిన చేతుల పేర్లు మాత్రము తెలియవు. పేరు నిలువలేదు, చూపు నిలిచినది.

ఇక చూచువారి కర్తవ్యము మిగిలియున్నది. ఆలయమునకు పోయినపుడు మనము తొందరతో గర్భగృహము వైపు నడచుచు తలయెత్తి కప్పును చూడము. చూడని చిత్రమును కాపాడవలెనను తలంపు ఎవరికిని కలుగదు. గోడలపై పేర్లు గీకుట, కుంకుమ చేతులు తుడుచుట, దీపపు మసి పట్టనిచ్చుట ఒక తపస్సును చెరుపుటయే. వన్నెలు ఇప్పటికే చాలచోట్ల రాలినవి. రాలిన వన్నె మరల రాదు. ఈసారి దర్శనమైన పిదప మండపమున ఒక్క ఘడియ నిలిచి, పిల్లలకు పైకప్పు చూపి, ఆ కథను చెప్పుడు. గీయువాని సమాధి సడలిన చిత్రము కొరవడును. చూచువాని సమాధి సడలిన దర్శనము కొరవడును.