కర్తయు, సబ్జెక్టును

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట అను ఊళ్లు కలవు. ఇంటిలో తెలుగు మాటాడి బడిలో ఆంగ్లము చదువు అచ్చటి బాలబాలికలకు, ఇతర ప్రాంతముల వారికివలెనే, ఆంగ్ల వాక్యములో సబ్జెక్టును గుర్తించుట మొదట కష్టముగా తోచును. సబ్జెక్టు అనగా కర్తయనియు, కర్త అనగా పని చేసినవాడనియు వల్లించి పలువురు పొరపడుదురు. ఈ రెండింటికిని గల భేదమును గ్రహించినచో చిక్కు విడిపోవును.

క్రియ విషయమున స్వతంత్రుడైనవాడే కర్తయని పాణిని చెప్పెను. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమునందును కారకములకు ప్రత్యేకముగా ఒక పరిచ్ఛేదము కలదు. "రాముడు రావణుని చంపెను" అను వాక్యమున కర్త రాముడు. "రామునిచేత రావణుడు చంపబడెను" అనినను, చంపినవాడు రాముడే గనుక, కర్త రాముడే.

ఆంగ్లమున అట్లు కాదు. "రామ కిల్డ్ రావణ" అను వాక్యమున సబ్జెక్టు రాముడు. "రావణ వాజ్ కిల్డ్ బై రామ" అనినచో సబ్జెక్టు రావణుడు. చంపినవాడు మారలేదు; సబ్జెక్టు మాత్రము మారినది. ఏలయన, క్రియ ఏ పదమునకు లోబడి తన రూపమును మార్చుకొనునో ఆ పదమే సబ్జెక్టు. "ది లెటర్ వాజ్ రిటెన్" అను వాక్యమున ఉత్తరము ఏ పనియు చేయలేదు. అయినను ఉత్తరములు అనేకములైనచో "వాజ్" పోయి "వర్" వచ్చును. కావున "లెటర్" అనునదే సబ్జెక్టు.

దీనిని కనుగొనుటకు మూడు మెట్లు కలవు. మొదట క్రియను పట్టుకొనవలెను. పిదప ఆ క్రియను చేర్చి "ఎవరు?" లేక "ఏది?" అని ప్రశ్నింపవలెను. తుదకు, దొరకిన పదముయొక్క వచనమును మార్చి, క్రియయు మారుచున్నదేమో పరీక్షింపవలెను.

శామీర్‌పేట చెరువును తలచుకొని "ది ట్రీస్ నియర్ ది లేక్ ఆర్ టాల్" అని వ్రాసితిమనుకొందము. క్రియకు ప్రక్కనే ఉన్నది "లేక్". కాని "ఆర్" అను క్రియ బహువచనము. అది "ట్రీస్" అను పదమునకే లోబడినది. "దేర్ ఈజ్ ఎ ట్రెయిన్ ఎట్ మేడ్చల్" అను వాక్యమున ముందున్న "దేర్" సబ్జెక్టు కాదు. వెనుకనున్న "ట్రెయిన్" సబ్జెక్టు. అచ్చటి జింకల పార్కును గూర్చి వ్రాయునపుడు మరియొక వింత కనబడును. "డీర్" అను పదమునకు రెండు వచనములందును రూపమొక్కటే. "ఈజ్" అనినచో ఒక జింక, "ఆర్" అనినచో పెక్కు జింకలు అని క్రియయే తెలుపును.

తెలుగున "వచ్చితిమి" అనినంతనే "మేము" అని తెలియును. కర్తను చెప్పకున్నను లోటు లేదు. ఆంగ్లమున "కేమ్" అను రూపము నేను, నీవు, వారు అందరికిని ఒక్కటే గనుక సబ్జెక్టును చెప్పక తప్పదు. వాన కురియుచున్నదనుటకు సైతము "ఇట్" అను పదమును ముందుంచి "ఇట్ ఈజ్ రెయినింగ్" అందురు. "కమ్ హియర్" వంటి ఆజ్ఞలలో మాత్రము "యూ" అను సబ్జెక్టు దాగియుండును. "నాకు ఆకలి వేయుచున్నది" అను తెలుగు వాక్యమున క్రియ ఆకలికి లోబడినది. "ఐ యామ్ హంగ్రీ" అను ఆంగ్ల వాక్యమున "ఐ" అను పదమునకు లోబడినది. మాటకు మాట మార్చిన అనువాదము ఇచ్చటనే చెడును.

ఈ జ్ఞానము పరీక్షకు మాత్రమే ఉపకరించునది కాదు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే కలదు. న్యాయశాస్త్రము చదువువారికి సబ్జెక్టు మిక్కిలి ముఖ్యము. "ది టెనెంట్ షల్ పే ది రెంట్" అను షరతులో అద్దె చెల్లింపవలసినవాడు ఎవడో స్పష్టము. "ది రెంట్ షల్ బి పెయిడ్" అనినచో సబ్జెక్టు అద్దె. చెల్లింపవలసినవాడు ఎవడో వాక్యము చెప్పదు. అట్లే "ది ట్రీస్ వర్ కట్" అను వాక్యము చెట్లను నరికినవానిని దాచును. అందుచే సబ్జెక్టును గుర్తించినంతనే ఆగక, "ఎవరిచేత?" అని మరియొక ప్రశ్న వేయవలెను. అట్లు చదువువానిని పత్రములు మోసగింపజాలవు.

అభ్యాసము

1. కర్తకును సబ్జెక్టునకును గల భేదమును సోదాహరణముగా తెలుపుము.
2. "ది బాక్స్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ" అను వాక్యమున సబ్జెక్టు ఏది? ఎట్లు తెలియును?
3. "ది గేట్ వాజ్ బ్రోకెన్" అను వాక్యము ఏ సంగతిని చెప్పక విడిచినది?