శోధన - అనుభావము

కనబడు వస్తువులను కొలిచి, పరీక్షించి, వాని ధర్మములను నిర్ణయించునది విజ్ఞానశాస్త్రము. కొలతకు అందని పరతత్త్వమును తనలోనే దర్శించి, ఆ దర్శనమును ఆచరణలో చూపునది అనుభావము. ఈ రెండింటికిని పొత్తు కుదరదని కొందరందురు. మరికొందరు, నేటి శాస్త్రజ్ఞులు కనుగొన్నదంతయు పూర్వులు ఏనాడో చెప్పియున్నారని చాటుదురు. మొదటి వాదమును నమ్మిన విద్యార్థి తన ఇంటి ధర్మమునో, బడిలోని పాఠమునో వదలుకొనవలసి వచ్చును. రెండవ వాదమును నమ్మినవాడు రెండింటిని సరిగా ఎరుగక మిగిలిపోవును. ఈ రెండింటికిని భిన్నమైన మార్గమొకటి కలదా? ఆచార్య జగదీశచంద్ర బోసు జీవితము ఈ ప్రశ్నకు కొంత వెలుగు చూపును.

ప్రశ్న పుట్టిన తీరు

బోసు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన నేటి బంగ్లాదేశమునందలి మైమన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రబోసు ప్రభుత్వోద్యోగియైనను కుమారుని మొదట వంగభాషా పాఠశాలకే పంపెను. అచ్చట ఆ బాలునికి ఒక ప్రక్క తండ్రివద్ద పనిచేయు మహమ్మదీయుని కుమారుడు, మరియొక ప్రక్క జాలరి కుమారుడు కూర్చుండెడివారు. పక్షులను గూర్చియు, జలచరములను గూర్చియు వారు చెప్పిన కథలే తనలో ప్రకృతిపై ఆసక్తిని రేపినవని ఆయన పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనెను.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడై, ఆంగ్లేయ అధ్యాపకులతో సమానముగా జీతమీయనందుకు నిరసనగా మూడేండ్లు జీతము పుచ్చుకొనకయే పాఠములు చెప్పెను. తరువాత కొలది మిల్లీమీటర్ల పొడవుగల విద్యుత్తరంగములపై పరిశోధనలు సాగించెను. ఆ తరంగములు గోడను దాటి పోయి, దూరమున నున్న గంటను మ్రోగించుటను జనులకు చూపించెను.

ఈ తరంగములను గుర్తించు పరికరమును ఎడతెగక వాడినపుడు దాని చురుకుదనము తగ్గుచుండెను. కొంత విరామమిచ్చిన యెడల మరల కోలుకొనుచుండెను. అలసిన కండరమునకు విశ్రాంతి ఇచ్చినట్లే ఇదియు కనబడినది. జీవము గల పదార్థమునకును లేని పదార్థమునకును నడుమ గీసిన గీత నిజముగా అంత దృఢమైనదా అను ప్రశ్న ఆయనకు ఇచ్చట పుట్టెను.

1901 మే 10వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బోసు తన ప్రయోగ ఫలితములను ప్రదర్శించెను. లోహములు, మొక్కలు, జంతువుల కండరములు ప్రేరణకు స్పందించిన రేఖలను ప్రక్కప్రక్కన చూపెను. ఉపన్యాసాంతమున, అనేకములో ఏకమును దర్శించిన గంగాతీరపు ఋషుల మాట తనకప్పుడు కొంత బోధపడినదను భావమును వెల్లడించెను. విజ్ఞానము అనుభావమును చేరిన క్షణమిదియే యని పలువురు పొగడుదురు. అయితే కథ అంతటితో ముగియలేదు.

పరీక్షకు నిలిచినది, నిలువనిది

శరీరధర్మ శాస్త్రజ్ఞులు ఆయన నిర్ణయములను అంగీకరింపలేదు. బోసు ఋషివాక్యమును అడ్డుపెట్టుకొని వాదింపలేదు. మరింత సూక్ష్మమైన యంత్రములను నిర్మించుటకు పూనుకొనెను. కంటికి తెలియని మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెంచి చూపు క్రెస్కోగ్రాఫు అట్టిదే. దానినికూడ శంకించినవారు కలరు. 1920లో ఆయన లండనులో పలువురు శాస్త్రజ్ఞుల యెదుట దానిని పనిచేయించి చూపగా, అది మొక్క పెరుగుదలను సరిగానే నమోదు చేయుచున్నదని వారు ప్రకటించిరి. ఆ సంవత్సరమే ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

కాలము ఆయన మాటలన్నింటిని ఒకే విధముగా స్వీకరింపలేదు. అత్తిపత్తి మొక్కను తాకినపుడు దానిలో విద్యుత్ సంకేతములు ప్రసరించునని నేటి శాస్త్రము అంగీకరించుచున్నది. చెట్టులోని జీవకణముల స్పందనమే నీటిని పైకి తోడునన్న ఆయన సిద్ధాంతము మాత్రము నిలువలేదు. ఆకులనుండి నీరు ఆవిరియగుచుండుట వలన క్రిందినీరు పైకి లాగబడుచున్నదని నేడు వివరించుచున్నారు. లోహము కూడ జీవివలెనే స్పందించునన్న భావమును శాస్త్రలోకము స్వీకరింపలేదు.

గమనింపవలసినది ఇదియే. సర్వము ఒకటే యను భావన ఆయనను ఒకచోట సత్యమునకు చేర్చినది, మరియొకచోట చేర్చలేదు. భావన రెండుచోట్లను ఒక్కటే. ఏది నిలుచునో తేల్చినది పరీక్షయే. కనుక దర్శనము ప్రశ్నకు ప్రేరణ కాగలదు గాని, బాహ్యవస్తు విషయమున సమాధానమునకు ప్రమాణము కాజాలదు.

అనుభావమునకు గల పరీక్ష

అట్లయిన అనుభావము పరీక్షలేని మాటయా? కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు నెలకొల్పిన అనుభవమంటపమునకు అక్కమహాదేవి వచ్చినపుడు, అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనని సంప్రదాయము చెప్పుచున్నది. కన్నడమునందలి శూన్యసంపాదన ఆ సంవాదమును వర్ణించును. ఆమె వైరాగ్యమును చూచి వెంటనే చేతులు జోడింపక, అది నిజమగునో కాదో మొదట విచారించిరి. ఆమె సమాధానములు విన్న పిమ్మటనే శరణులు ఆమెను తమలో ఒకరిగా ఆదరించిరి.

శాస్త్రజ్ఞుని మాటకు యంత్రము, పునఃప్రయోగము పరీక్షలు. శరణుని మాటకు ఆచారము, కాయకము, తోటి శరణుల విచారణ పరీక్షలు. పరికరములు వేరు, నియమము ఒక్కటే: ఎవడును తన మాటను తానే ధ్రువపరచుకొనరాదు. పుట్టుకను బట్టి, పీఠమును బట్టి ఎవరికిని మినహాయింపు లేదు. శోధన, అనుభావము కలిసికొను స్థానము ఈ వినయమే గాని, ఒకదాని నిర్ణయములు రెండవదాని గ్రంథములలో దొరకుట కాదు.

భక్తులు జాగ్రత్తపడవలసిన విషయమొకటి కలదు. ఇష్టలింగమునందు విద్యుచ్ఛక్తి కలదనియు, విభూతి రోగములను పోగొట్టుననియు చెప్పి యువకులను ఆకర్షింపజూచువారు లేకపోలేదు. అవి బాహ్యవస్తువులను గూర్చిన మాటలు గనుక శాస్త్రీయముగా పరీక్షింపబడవలసినవే. పరీక్షలో నిలువనిచో, వానినే పునాదిగా చేసికొన్నవాని భక్తియు కూలిపోవును. లింగపూజ చిత్తమును నిలుపుటకు, అహంకారమును కరగించుటకు ఏర్పడినది. అది ఫలించినదా లేదా యనునది పూజించువాని నడవడిలో తెలియును. దానికి మరియొక ధ్రువపత్రము అక్కరలేదు.

బోసు 1917 నవంబరు 30వ తేదీన కలకత్తాలో తన పరిశోధనాలయమును ప్రారంభించుచు, అది ప్రయోగశాల మాత్రమే కాదు, దేవాలయము కూడ నని ప్రకటించెను. ఆ దేవాలయమున జరిగిన నిత్యార్చన ఓపికతో కూడిన కొలతయే.

ఇంటి పిల్లలు బడినుండి వచ్చి, “ఇది నిజమేనా? ఎట్లు తెలియును?” అని అడిగినపుడు పెద్దలు కోపింపరాదు. కొలువదగిన దానిని కొలిచి చూడుమనవలెను. ఆచరింపదగిన దానిని తాము ఆచరించి చూపవలెను. తెలియని దానిని తెలియదని చెప్పుటకు సిగ్గుపడరాదు. అల్లమప్రభువు సభలో ప్రశ్నకు చోటుండెను. ఆ శరణుల వారసుల ఇండ్లలో దానికి చోటు లేకుండరాదు.