సాయం పట్టనా? : చొక్కా మీద ఒక మాట రాసే ముందు

ప్రతి సంవత్సరం నవంబర్ 13 ప్రపంచ దయా దినోత్సవం. ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఆ రోజు మనం కూడా ఏదో ఒకటి చేయాలని మా బ్యాచ్‌కి ఆవేశం వచ్చింది. ఆరు చార్టుల మీద ఇంగ్లీషులో "బి కైండ్" అని రాసి, కర్రలకి కట్టి, కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాం. అరగంటలో మమ్మల్ని పలకరించింది ఒక్కరే, గేటు దగ్గర ఊడ్చే అక్క.

"ఏంటి బాబూ, ధర్నానా? ఫీజులు పెంచారా?"

అప్పుడు అందరం నవ్వేశాం. రాత్రి ఆలోచిస్తే నవ్వు రాలేదు. మేం దయగా ఉండమని చెప్తున్నది ఎవరికి? ఆ బోర్డు ఆమెకి చదవడం రాదు. చదవడం వచ్చినవాళ్ళకి అది నీతిబోధలాగా ఉంది. ఇలాంటి బోర్డులూ చొక్కాలూ ఎలా చేయాలో తర్వాత రెండు నెలల్లో తప్పులు చేస్తూ నేర్చుకున్నాం. మీకు ఆ తప్పులు తప్పించడానికే ఈ పాఠం.

మొదటి మెట్టు: మాట

రంగులు కొనే ముందు మాట ఎంచుకోవాలి. దీనికి మంచి ఉదాహరణ "ఫ్రీ హగ్స్". 2004లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో, పిట్ స్ట్రీట్ మాల్ అనే రద్దీ వీధిలో, ఒకతను అట్టముక్క మీద మార్కర్‌తో ఈ రెండు మాటలు రాసి పట్టుకుని నిలబడ్డాడు. వువాన్ మాన్ అనేది అతను పెట్టుకున్న పేరు. మధ్యలో అధికారులు ఆపమన్నారు, రెండున్నర కోట్ల డాలర్ల బీమా ఉండాలన్నారు. పదివేల మందికి పైగా సంతకాలు పెడితే మళ్ళీ అనుమతి దొరికింది. 2006లో వీడియో వచ్చాక ప్రపంచమంతా తెలిసిపోయింది.

ఆ అట్టముక్కలో గమనించాల్సింది ఒకటుంది. అది ఎవరికీ "మంచిగా ఉండండి" అని చెప్పదు. పట్టుకున్నవాడు ఏం ఇవ్వగలడో చెప్తుంది, అంతే. మా బోర్డు ఎదుటివాళ్ళకి పని చెప్పింది, అతని బోర్డు తనకి తాను పని చెప్పుకుంది. తేడా అంతా అక్కడే ఉంది.

అలాగని మన బస్టాండులో కౌగిలింతలు పంచితే బాగోదు కదా! సంక్రాంతి సెలవుల రద్దీలో మా ఊరి బస్టాండులో బ్యాగులు మోయాలని అనుకున్నాం. "సామాను ఉచితంగా మోస్తాం" అని రాద్దామంటే అక్కడి హమాలీ పెద్దాయన సూటిగా అడిగాడు: "పండగ నాలుగు రోజులే మాకు నాలుగు డబ్బులు. మీరు ఉచితం అంటే మా పొట్ట ఏం కావాలి?" ఒకరికి మేలు చేయబోయి ఇంకొకరి కూడు తీయబోయాం. అందుకే మూటలూ పార్సిళ్ళూ ముట్టుకోమని ఆయనకి మాటిచ్చాం. పెద్దవాళ్ళకీ చంటిపిల్లల తల్లులకీ బస్సెక్కేటప్పుడు చెయ్యందించడం వరకే మా పని. కంట్రోలర్ గారి దగ్గర అనుమతి తీసుకున్నాం, ఐడీ కార్డులు మెడలో వేసుకున్నాం.

మరి మాట ఏది? మా అమ్మమ్మ బిందె ఎత్తుకునేటప్పుడు "కాస్త సాయం పట్టరా" అంటుంది. అదే దొరికింది: "సాయం పట్టనా?" రెండే మాటలు, అదీ ప్రశ్న. వద్దు అనే హక్కు ఎదుటివాళ్ళ దగ్గరే ఉంటుంది.

రెండో మెట్టు: బోర్డు

దూరం నుంచి చదవడానికి ఒక మోటు లెక్క ఉంది. ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం ఎత్తు 1 అంగుళం. 30 అడుగుల నుంచి తేలిగ్గా కనపడాలంటే 3 అంగుళాలు. కానీ ఈ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి వేసింది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. అక్షరం ఒళ్ళు 3 అంగుళాలు ఉండాలంటే వరుసకి దాదాపు రెట్టింపు చోటు వదలాలి. 22 బై 28 అంగుళాల చార్టు మీద రెండు వరుసలు హాయిగా పడతాయి, నాలుగు పెడితే ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. చార్టు గాలికి వంగిపోతుంది కాబట్టి కిరాణా కొట్టులో అట్టపెట్టె అడిగి తెచ్చి వెనక అంటించండి.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. మన దగ్గర ఏ రంగు చొక్కా వేసినా "ఏ పార్టీ బాబూ?" అంటారు. తెల్ల చొక్కా, నల్ల అక్షరాలు క్షేమం.

మూడో మెట్టు: చొక్కా

అక్షరాలు ముందు కంప్యూటర్‌లో పెద్దగా పెట్టి ప్రింట్ తీయాలి. మన సీఎస్ వాళ్ళకి తెలియాల్సిన సంగతి ఇక్కడుంది. "ట్ట" అనేది యూనికోడ్‌లో ఒక్క అక్షరం కాదు. ట, పొల్లు, మళ్ళీ ట: మూడు కోడ్‌లు. వాటిని కలిపి ఒత్తుగా మార్చేది షేపింగ్ ఇంజిన్. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఆ సెట్టింగ్ మార్చకపోతే "ట్‌ట" అని విడిపోతుంది. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు, పైగా ఉచితం. ఫాంటు లావుగా ఉండాలి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే రామభద్ర బాగుంటుంది.

జిరాక్స్ షాపులో ఓహెచ్‌పి షీటు కొని, ప్రింట్ మీద పెట్టి, కట్టర్‌తో అక్షరాలు కోయండి. సున్న దగ్గర ఆగండి. చుట్టూ కోస్తే మధ్య ముక్క ఊడిపోయి సున్న కాస్తా పెద్ద చుక్క అవుతుంది. రెండు వైపులా సన్నటి వంతెనలు వదిలి, చివర్లో బ్రష్‌తో ఆ ఖాళీలు పూడ్చుకోవాలి.

కొత్త చొక్కాని ముందు ఒకసారి ఉతికి ఆరబెట్టండి, లేకపోతే గంజి మీద రంగు నిలవదు. లోపల అట్ట పెట్టండి, లేకపోతే రంగు వీపు వైపుకి దిగుతుంది. ఫ్యాబ్రిక్ పెయింట్‌లో నీళ్ళు కలపకుండా స్పాంజితో కొంచెం కొంచెం అద్దండి. రుద్దకూడదు. ఒక రోజు ఆరాక తిరగేసి ఇస్త్రీ చేయండి. మూడు రోజుల వరకు ఉతకొద్దు.

రుద్దితే ఏమవుతుందో నా మొదటి చొక్కా చెప్తుంది. "ప" మీద తలకట్టు అక్షరానికి అంటుకోదు, "వ" మీద అంటుకుంటుంది. రంగు ఆ చిన్న సందులోకి పాకి నా చొక్కా "సాయం వట్టనా?" అయ్యింది. నేను తల పట్టుకుంటే కరీంనగర్ ఫ్రెండు మాత్రం, "మా దిక్కు అట్లనే అంటరు రా, ఉండనీ" అన్నాడు. ఉంచేశాం. ఎనిమిది చొక్కాల్లో ఒకటి తెలంగాణది.

ఆఖరి మెట్టు: వేసుకున్నాక

బస్టాండులో మొదటి గంట ఎవరూ అడగలేదు. బ్యాగు ఇస్తే ఎత్తుకుపోతామేమో అని అనుమానం. ఆ హమాలీ పెద్దాయనే ఒక ముసలమ్మని మా దగ్గరకి పంపాడు. "ఈళ్ళు కాలేజీ పిల్లలేనమ్మా, ఇయ్యి" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా కూర్చునే తీరిక దొరకలేదు.

అసలు పాఠం రెండు వారాల తర్వాత వచ్చింది. బట్టలన్నీ లాండ్రీలో ఉంటే ఆ చొక్కానే వేసుకుని హడావుడిగా ల్యాబ్‌కి వెళ్తున్నాను. మెస్ ముందు ఆటోలోంచి కూరగాయల బస్తాలు దింపుతున్న అక్క నా చొక్కా చూసి కూడబలుక్కుని చదివింది: "సా... యం... వట్టనా?" తర్వాత బస్తా ఒక కొస పట్టుకుని నా వైపు చూసి, "రాసుకున్నావుగా, పట్టు మరి" అంది.

పట్టాను. ల్యాబ్‌కి పది నిమిషాలు లేటు. "బి కైండ్" చార్టుని ఎవరూ నా మొహాన ఇలా చూపించి పని అడగలేరు. తెలుగులో, నా మాటగా రాసుకున్నాను కాబట్టే ఆమె చదవగలిగింది, అడగగలిగింది.

ఈ నవంబర్‌కి మీరు కూడా చేసుకుంటే ఆ మాట ఒకసారి చదివి చూసుకోండి. ఎండలో, ఆకలితో, ల్యాబ్ లేటయినప్పుడు కూడా చేయగలిగిన పనే రాయండి. ఫ్యాబ్రిక్ పెయింట్ అంత తొందరగా పోదు.