ఊరి గుర్తులను కాపాడుకొనుట

మన పాఠశాలకు త్రోవ యేదని క్రొత్తవారు అడిగినచో మన పిల్లలు వీధి పేరుగాని, యింటి సంఖ్యగాని చెప్పరు. "కోవెల కోనేరు దాటిన తరువాత పెంకులు కప్పిన పాత బడి" అని చెప్పుదురు. ఆ కోనేరును త్రవ్వించినవారెవరో వారెరుగరు. బడి గోడలు కట్టించినవారిని వారు చూడలేదు. అయినను ఆ రెండే వారికి ఊరి గుర్తులు. పెద్దలమైన మనకును అంతియే. ఒక సభామందిరము, ఒక సత్రము, ఒక పాత అంగడి, వీధి మొగనున్న యొక అరుగు - ఇట్టివాటిని బట్టియే మనము ఊరిని గుర్తుపట్టుదుము.

భూమి వెల పెరుగుచున్న నగరములలో ఇట్టి గుర్తులు ఒక్కటొక్కటిగా మాయమగుచున్నవి. కొన్నిచోట్ల మాత్రము ప్రజలు ముందునకు వచ్చి వాటిని నిలుపుకొనిరి. వారెట్లు నిలుపుకొనిరి? ఎచ్చట గెలిచిరి? ఎచ్చట గెలిచియు సగము పోగొట్టుకొనిరి? ఈ సంగతులు తల్లిదండ్రులు తెలిసికొనదగినవి. వ్యాసము చివర మన బడి సంగతియు మనవిచేసెదను.

మనకేమి సంబంధము?

"మనము తెలుగువారము, ఇచ్చటి పాత కట్టడములతో మనకేమి పని?" అని కొందరనుట విన్నాను. ఆ మాట సరికాదు. చెన్నపట్నమున సెంట్రల్ రైలుస్టేషనుకు సమీపమున, రిప్పన్ భవనము ప్రక్కన విక్టోరియా పబ్లిక్ హాలు కలదు. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువులైన పూసపాటి ఆనందగజపతి మహారాజుగారు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును అంకితమిచ్చినది ఈ ప్రభువునకే. 1897లో వివేకానందస్వామి ఉపన్యసించినది ఆ హాలులోనే.

మైలాపూరున రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తిగారి యిల్లు మరియొకటి. 1952 అక్టోబరు 19వ తేదీన పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచినది అచ్చటనే. నేడది ఆయన స్మారకస్థలము. ఆ యింటి గొప్పతనము శిల్పములో లేదు. అందు జరిగిన సంగతిలో ఉన్నది. కావున గుర్తుగా నిలుచుటకు రాజభవనమే కానక్కరలేదు.

పోలీసు కార్యాలయము

మెరీనా తీరమున తెల్లని స్తంభములతో నిలిచిన పోలీసు ప్రధాన కార్యాలయమును మీలో పెక్కుమంది చూచియుందురు. అది 1839లో ఫ్రీమేసన్ల సమావేశమందిరముగా కట్టబడినది. పోలీసుశాఖవారు దానిని 1865లో అద్దెకు పుచ్చుకొని, 1874లో 20,000 రూపాయలకు కొనిరి. 1993లో ప్రభుత్వము దానిని కూల్చి క్రొత్త భవనము కట్టదలచెను. నగర చరిత్రయందు అభిమానము గలవారు ఊరకుండలేదు. వారసత్వ సంపద రక్షణకై 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ అను సంస్థ హైకోర్టును ఆశ్రయించెను. కూల్చివేత ఆగినది. తరువాత ప్రభుత్వమే ఆ భవనమును బాగుచేయించి, అందే కార్యాలయమును నడపుచున్నది.

ఈ గెలుపునకు ఒక కారణము గమనింపుడు. ఆ కట్టడము ఎవరిది, ఎప్పటిది, ఎవరినుండి ఎవరికి చేరినది అను వివరములు అడ్డుపడినవారి చేతిలో సిద్ధముగా ఉండెను. "ఇది పాతది, మాకు ప్రియమైనది" అను మాట ఒక్కటే న్యాయస్థానమున నిలువదు.

క్వీన్ మేరీస్ కళాశాల

అదే తీరమున 1914లో ఒక మహిళాకళాశాల ప్రారంభమయ్యెను. ఆ నగరమున స్త్రీలకై ఏర్పడిన మొదటి కళాశాల అదియే. డొరోతీ డి లా హే అను ఆంగ్లవనిత దాని తొలి ప్రిన్సిపాలు. 1917లో దానికి క్వీన్ మేరీస్ కళాశాల అని పేరు వచ్చినది. 2003లో ఆ స్థలమున క్రొత్త సచివాలయము కట్టవలెనని ప్రభుత్వము నిశ్చయించెను. విద్యార్థినులు కళాశాల ఆవరణము విడువక అచ్చటనే బైఠాయించిరి. పూర్వవిద్యార్థినులు వారికి తోడైరి. వారిలో కొందరు ఆ కళాశాలలోనే చదివిన బిడ్డలకు తల్లులు. ఒకవైపు ఆందోళన, మరియొకవైపు న్యాయస్థానములో వ్యాజ్యము సాగినవి. కడకు ప్రభుత్వము ఆ యోచనను విరమించుకొనెను. కళాశాల నేటికిని అచ్చటనే నడచుచున్నది.

ఇచ్చట రక్షణ యిచ్చినది ఇటుకకాదు, వాడుక. ప్రతిదినము వేలమంది ఆడపిల్లలు చదువుకొను చోటును ఖాళీస్థలమని ఎవరనగలరు? వాడుకలోనున్న కట్టడమునకు వాడుకొనువారే కాపరులు.

భరత్ ఇన్సూరెన్సు భవనము

మూడవకథ అంత సంతోషకరము కాదు. మౌంటురోడ్డున గోపురములతో, కమానులతో ఉన్న యొక ఎర్రని భవనము కలదు. 1897లో ఔషధవ్యాపారము చేయు స్మిత్ కంపెనీవారికై అది కట్టబడినది. 1934లో భరత్ ఇన్సూరెన్సు కంపెనీ దానిని కొనెను. 1956లో జీవితబీమా జాతీయము చేయబడినప్పుడు అది జీవితబీమా సంస్థకు చేరినది. 2006లో ఆ సంస్థ కూల్చివేతకు పూనుకొనగా, ఇన్‌టాక్ మరల హైకోర్టునకు వెళ్ళెను. కూల్చరాదని 2010లో తీర్పు వచ్చినది. నగరములోని చారిత్రక కట్టడములను గూర్చి ఆలోచించుటకు ఒక సంఘమును ఏర్పరుపవలెననియు ఆ తీర్పు నిర్దేశించెను.

గెలుపు గొప్పదే. కాని ఆ తరువాత యేండ్ల తరబడి భవనము తాళము వేయబడి, మరమ్మతులేక శిథిలమగుచు నిలిచినది. న్యాయస్థానపు ఆజ్ఞ గునపమును ఆపగలదు. కారుచున్న కప్పును బాగుచేయలేదు. 2012లో తమిళనాడు శాసనసభ వారసత్వ కట్టడములకై ఒక చట్టమును చేసినను, అది అమలునకు వచ్చుటకు పది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ లోపల వానలు మాత్రము ఆగలేదు.

హైదరాబాదున ఇర్రం మంజిల్

మన భాషాప్రాంతమున జరిగిన యొక కథను కూడ పిల్లలకు చెప్పుడు. హైదరాబాదున ఎర్రని గుట్టమీద నవాబు ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతమున ఒక మహలు కట్టించెను. దానికి ఇరమ్ అను పేరు పెట్టిరి. ఫారసీలో ఇరమ్ అనగా స్వర్గమువంటి తోట. గుట్టను ప్రజలు తెలుగులో ఎర్రగడ్డ అనుచుండుటచే, తెలుగు "ఎర్ర"కును ఫారసీ "ఇరమ్"నకును జత కుదిరినదని చెప్పుదురు. ఒక్క పేరులో రెండు భాషలు కలిసియున్నవి. రెండు భాషల నడుమ బ్రదుకుచున్న మన పిల్లలకు ఇంతకన్న మంచి పాఠమేమున్నది?

2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గము ఆ మహలును కూల్చి క్రొత్త శాసనసభాభవనము కట్ట నిర్ణయించెను. నవాబు వంశీయులును, నగరపౌరులును, చరిత్రాభిమానులును హైకోర్టునకు వెళ్ళిరి. కట్టడశాస్త్రము చదువు విద్యార్థులు కొలతలు, చిత్రములు తీయుటకు వచ్చిరి. 2019 సెప్టెంబరు 16వ తేదీన హైకోర్టు మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసెను. వారసత్వ కట్టడముల జాబితాను, నగర నిర్మాణ నియమములను ప్రభుత్వము సరిగా పరిగణింపలేదని తీర్పు సారాంశము. ఎన్నడో కాగితముమీద వ్రాసిపెట్టిన పేరు ఆ దినమున గోడలకు కవచమయ్యెను.

ఈ కథలవలన నేర్చుకొనదగినవి

మొదటిది: ముందుగా వ్రాసిపెట్టుకొనుట. కూల్చువారు వాకిటికి వచ్చిన దినమున చరిత్ర వెదకుట, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవంటిది.

రెండవది: చట్టము నెరుగుట. ఏ కట్టడము జాబితాలో ఉన్నది, ఎవరి అనుమతి కావలెను, అభ్యంతరము తెలుపుటకు గడువెంత అను సంగతులు సామాన్యులు కూడ అడిగి తెలిసికొనవచ్చును.

మూడవది: పదిమంది కలియుట. ఒక్కని విన్నపమును కార్యాలయమున దొంతరలో పెట్టుదురు. వీధివారందరు కలిసి చేసిన విన్నపమునకు బదులు చెప్పక తప్పదు. కాని ఆ విన్నపము మర్యాదగాను, నిజముగాను ఉండవలెను.

నాలుగవది: వాడుకయు మరమ్మతును. చెన్నపట్నమున 1900లో తెరచిన మూర్ మార్కెట్టు పాత పుస్తకముల దుకాణములకు పేరుపొందినది. పేదవిద్యార్థులెందరో అచ్చట సగము వెలకు పుస్తకములు కొని చదువుకొనిరి. 1985లో అది అగ్నికి ఆహుతి అయినది. ఆ స్థలమున రైల్వేవారి భవనము వెలసినది. పోయిన పిదప ఎంత వగచినను మార్కెట్టు తిరిగి రాలేదు.

మరియొక ప్రక్క

పాతదెల్ల నిలుపవలెనని నేననుట లేదు. 2012లో మైసూరున లాన్స్‌డౌన్ భవనములో కొంతభాగము కూలి నలుగురు మరణించిరి. గోడమీద ప్రేమచేత గోడక్రింద బిడ్డలను కూర్చుండబెట్టరాదు. ఇరుకు గదులలో అవస్థపడు పిల్లలకు క్రొత్తగదులు కావలెను; బాలికలకు మంచి మరుగుదొడ్లు కావలెను. క్రొత్త కట్టడమును కోరువారందరు చరిత్రకు శత్రువులు కారు. ఎప్పటికప్పుడు మరమ్మతు చేయని పాతకట్టడము తనకును, తన ప్రక్కనున్నవారికిని కీడు తెచ్చును. కాబట్టి కాపాడుట అనగా తాకకుండ ఉంచుట కాదు; బాగుచేసి వాడుట.

మన బడి సంగతి

ఇప్పుడు నా తప్పు నొకదానిని చెప్పుకొనెదను. నేను ప్రధానోపాధ్యాయుడనైన క్రొత్తలో, సైకిళ్ళు నిలుపుటకు చోటు చాలదని బడిముందరి అరుగును తీయించితిని. ఎవరును అడ్డుచెప్పలేదు. రెండునాళ్ళలో పని ముగిసినది. కొన్ని నెలల తరువాత ఒక వృద్ధుడు మనుమరాలిని బడిలో చేర్పించుటకు వచ్చి, వాకిట నిలిచి అటునిటు వెదకుచుండెను. ఏమి పోయినదని అడిగితిని. "ఇచ్చట అరుగు ఉండవలెను గదా, మాస్టరుగారూ! మా నాయనగారు నాచేత ఓనమాలు దిద్దించినది దానిమీదనే" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. సైకిళ్ళకు పెరటిలో చోటుండెను. నేను వెదకలేదు, అంతే.

ఇప్పుడు పాఠశాల నడుమనున్న పెంకుల హాలును తీసివేసి, మూడంతస్తుల క్రొత్త భవనము కట్టవలెనని మన సంఘములో ఆలోచన సాగుచున్నది. గదులు చాలవనుట నిజము. ఆ కష్టము నాకంటె బాగుగ తెలిసినవారు లేరు. ఆ హాలు వానకు కారుననుటయు నిజము. కాని దాని గోడమీది రాతిపలకపై దాతల పేర్లు తెలుగున చెక్కబడియున్నవి. ఈ వీధిలో తెలుగక్షరములు కనబడు రాయి మరియొకటి లేదు. ఇంట తెలుగు మాటలాడుట తగ్గుచున్న యీ కాలమున, పిల్లలు కూడబలుకుకొని చదువు మొదటి వ్రాత అదియే.

కావున నిర్ణయమునకు ముందు మూడు పనులు జరుగవలెనని కార్యవర్గమునకు మనవిచేసితిని, మీకును మనవిచేయుచున్నాను. ఒకటి, అనుభవముగల ఇంజనీరుచేత హాలును పరీక్షింపజేయుట. రెండు, క్రొత్తగదులకు పెరటిస్థలము చాలునేమో కొలిపించుట. మూడు, హాలు చరిత్రను వ్రాయించుట. ఈ మూడవది మీ చేతిలోని పని. మీ యిండ్లలో పాత ఛాయాపటములు, వార్షికోత్సవ ఆహ్వానపత్రములు, చందా రసీదులు, మార్కుల పుస్తకములు ఉండవచ్చును. వాటిని తీసికొనిరండు, నకళ్ళు వ్రాయించుకొని మరల మీకే అందజేసెదము. మీ తాతలను, అవ్వలను పిల్లలచేత అడిగించి, వారు చెప్పినది తెలుగున వ్రాయించి పంపుడు. అది చరిత్రయు అగును, పిల్లలకు వ్యాసరచనయు అగును.

పరీక్షలో హాలు నిలువదని తేలినచో, తీసివేయుటకు నేనే మొదట అంగీకరింతును. అప్పుడైనను ఆ రాతిపలక క్రొత్తగోడలో చేరును. కథ పుస్తకములో నిలుచును. నిలుచునని తేలినచో, దానిని బాగుచేసికొని వాడుకొందము. ఏది జరిగినను, వెదకకుండ తీసివేసితిమి అను మాట మరియొకసారి నా నోట రాకుండుగాక.