రాత్రిపూట మన కంప్యూటర్‌ను మందుల వేటకు పంపడం ఎలా?

పలాసలో జీడిపిక్కల పరిశ్రమ చూసే ఉంటారు. లారీలో దిగిన బస్తాలన్నీ ఒక్కరే కూర్చుని ఒలవరు. తలా కొంత పంచుకుంటారు, సాయంత్రానికి గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు తేలుతుంది. ఇవాళ మనం నేర్చుకోబోయేదీ అలాంటి పనే. మందుల పరిశోధనలో లెక్కలు బస్తాల కొద్దీ ఉంటాయి. వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రపంచమంతటా ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు ఇంటర్నెట్ ద్వారా పంచుతారు. మన వంతు ముక్క మనం చేసి వెనక్కి పంపుతాం. ఇందుకు సైన్సు చదివి ఉండక్కర్లేదు.

ముందు ఒక మాట. ఇలాంటి సంగతి మన జిల్లాలో ఎక్కడ చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, దీంతో ఉద్దానం కిడ్నీ జబ్బుకి మందు దొరుకుతుందా?" దొరకదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు జబ్బుకు అసలు కారణమేమిటో ఇంకా తేలలేదు. అది నీళ్లు, రక్తం, మూత్రం నమూనాలు పట్టుకుని ఊరూరా తిరిగి తేల్చాల్సిన పని. కంప్యూటర్ లెక్క పనికొచ్చేది, ఫలానా ప్రోటీన్‌ను అడ్డుకుంటే జబ్బు ఆగుతుందని తెలిశాక. ఆ ప్రోటీన్ మీద ఒక గుంట ఉంటుంది. ఆ గుంటలో ఏ రసాయనం ఇముడుతుందో లక్షల రసాయనాలతో సరిచూడాలి. జల్లెడ పట్టడమన్నమాట.

ఆ జల్లెడ ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. పసిపిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ మీద జపాన్‌లోని చిబా పరిశోధకులు ఇలా ఇళ్ల కంప్యూటర్లకు లెక్కలు పంచే వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ ద్వారా సుమారు 30 లక్షల రసాయనాలను ఇలా జల్లించారు. 2014 నాటికి చేతికి మిగిలినవి 7. అవి ఎలుకల్లో కణితి కణాలను చంపాయి. అక్కడి నుంచి మందుబిళ్ల దాకా ఇంకా చాలా దూరం ఉంది, నిజమే. కానీ 30 లక్షలూ ప్రయోగశాలలో పరీక్షించాలంటే ఎవరి తరమవుతుంది? మన సీతంపేట ఏజెన్సీని ఇప్పటికీ వేధించే మలేరియా మీద కూడా 2011లో ఇదే గ్రిడ్‌లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ ఒక ప్రాజెక్టు నడిపింది.

కావలసినవి

కంప్యూటరో ల్యాప్‌టాప్పో ఒకటి. ఐదారేళ్ల పాతదైనా ఫర్వాలేదు, ఫ్యాను మాత్రం బాగా తిరగాలి. ఇంటర్నెట్ ఉండాలి. ముక్క తెచ్చుకునేటప్పుడు, తిరిగి పంపేటప్పుడు మాత్రమే దానితో పని. ఒక ఈమెయిల్. మెత్తటి బ్రష్ ఒకటి, దుమ్ము దులపడానికి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి లోపలి భాగాలు తొందరగా తుప్పు పడతాయి. అక్కడివాళ్లు కిటికీ పక్కన పెట్టకండి.

కరెంటు లెక్క కూడా ఇప్పుడే చూసుకుందాం. 40 వాట్లు లాగే ల్యాప్‌టాప్ రాత్రి 8 గంటలు నడిస్తే నెలకు దాదాపు 10 యూనిట్లు. 150 వాట్ల డెస్క్‌టాప్ అయితే 36. బిల్లు శ్లాబు అంచున ఉన్నవాళ్లు ఇంట్లో ముందే చెప్పండి. బిల్లు వచ్చాక చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

చేసే విధానం

1. దుమ్ము దులపండి. నవ్వకండి, చాలామంది వదిలేసే మెట్టు ఇదే. గాలి బయటికొచ్చే సందులు మూసుకుపోయి ఉంటే మిగతా మెట్లన్నీ వృథా.

2. బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుందాం. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆండర్సన్ 2002లో మొదలుపెట్టిన పని ఇది. (గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోమ్‌ను నడిపినవారిలో ఆయన ఒకరు. ఆ అనుభవమే మందుల వేటకు పనికొచ్చింది!) దించుకునే చిరునామా బోయింక్ డాట్ బర్కిలీ డాట్ ఈడీయూ ఒక్కటే. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కవద్దు.

3. ఇన్‌స్టాల్ అయ్యాక 'యాడ్ ప్రాజెక్ట్' నొక్కి, జాబితాలో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ ఎంచుకుందాం. ఐబీఎం 2004లో మొదలుపెట్టిన ఈ గ్రిడ్‌ను 2021లో టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు అప్పగించారు. ఈమెయిల్, కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. బ్యాంకుకు వాడే పాస్‌వర్డ్ ఇక్కడ వద్దు.

4. ఇక్కడ ఆగండి, పని మొదలవనివ్వకండి. ముందు కళ్లెం వేద్దాం. 'ఆప్షన్స్'లో 'కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్' తెరవండి. ప్రాసెసర్ల వాటా 50 శాతానికి తగ్గించండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆగాలి, మనం వాడుతున్నప్పుడు ఆగాలి అనే రెండు గడులకూ టిక్కు పెట్టండి. రోజువారీ వేళల దగ్గర రాత్రి 10 నుంచి ఉదయం 6 అని రాయండి.

5. 'వ్యూ'లో 'అడ్వాన్స్‌డ్ వ్యూ'కి వెళ్లి 'టాస్క్స్' చూద్దాం. ఎంత శాతం అయిందో, ఏ తేదీలోపు పంపాలో అక్కడ కనిపిస్తుంది. మొదటి రోజు ఒక్క ముక్క పూర్తయితే చాలు.

6. పని మొదలైన గంట తర్వాత కంప్యూటర్ అడుగున అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చేయి వెనక్కి లాక్కునేంత వేడిగా ఉంటే వాటా 25 శాతానికి దించండి. మే నెలలో మన దగ్గర పూర్తిగా ఆపేసినా తప్పు లేదు.

7. రాత్రి కరెంటు పోతే కంగారు పడొద్దు. సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో లెక్కను దాచుకుంటుంది, కరెంటు వచ్చాక ఆ దాచిన చోటి నుంచి అందుకుంటుంది. కొన్ని ప్రాజెక్టుల్లో అదే ముక్కను ఇంకొకరికీ ఇచ్చి రెండు జవాబులూ సరిపోల్చుతారు కాబట్టి, మన యంత్రం తప్పు చేసినా పరిశోధన చెడిపోదు.

తరచూ జరిగే పొరపాట్లు

ల్యాప్‌టాప్‌ను పరుపు మీద వదిలేయడం అన్నిటికంటే పెద్దది. మొదటి వారంలో నేను చేసింది అదే. దుప్పటి గాలి సందులను మూసేసింది, తెల్లారేసరికి యంత్రం తనంతట తానే ఆగిపోయి ఉంది. గట్టి బల్ల మీద, అడుగున గాలి ఆడేలా పెట్టండి.

ఆఫీసులోనో కాలేజీ ల్యాబ్‌లోనో అడగకుండా వేయడం ఇంకొకటి. మంచి పనే కదా అనుకోవద్దు. కరెంటు వాళ్లది, యంత్రం వాళ్లది, అనుమతి అడగాలి.

ఉత్సాహం కొద్దీ ఒకేసారి నాలుగైదు ప్రాజెక్టులు చేర్చడం కూడా చూశాను. గడువు దాటిన ముక్కను వాళ్లు వేరొకరికి ఇచ్చేస్తారు, మనం కాల్చిన కరెంటు గాలికి పోతుంది. ఒక్కటి చాలు. ఊరెళ్తున్నా, తుపాను హెచ్చరిక వచ్చినా ముందురోజే 'ప్రాజెక్ట్స్'లో 'నో న్యూ టాస్క్స్' నొక్కండి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లు లేదో మనకు గుర్తే కదా.

తెర మీద బోయింక్ కిటికీ మూసేస్తే పని ఆగిపోయిందనుకోవడం మరో పొరపాటు. అది వెనక నడుస్తూనే ఉంటుంది. ఆపాలంటే 'ఫైల్'లోకి వెళ్లి 'ఎగ్జిట్' నొక్కాలి.

కృత్రిమ మేధ వచ్చాక ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. ప్రోటీన్ ఆకారం అది చక్కగా ఊహిస్తుంది. కానీ ప్రోటీన్ బొమ్మలా నిలబడి ఉండదు, కదులుతుంది, మూసుకున్న గుంట ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఆ కదలికను పట్టుకోవడానికి సుదీర్ఘమైన లెక్కలు కావాలి. 2020లో కరోనా వేళ ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే మరో ప్రాజెక్టులో లక్షల మంది చేరి చేసింది అదే. అప్పుడు అందరి కంప్యూటర్లూ కలిసి సెకనుకు 1 పక్కన 18 సున్నాలన్ని లెక్కలు దాటేశాయి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు దాన్ని ప్రయత్నించవచ్చు. పద్ధతి దాదాపు ఇంతే.

చివరిది. కొన్ని రోజులు 'టాస్క్స్' ఖాళీగా కనిపిస్తుంది. తప్పు మనది కాదు, వాళ్ల దగ్గర పంచడానికి ముక్కలు లేవంతే. 2022లో గ్రిడ్ కొత్త చోటికి మారేటప్పుడు నెలల తరబడి అలాగే ఉంది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. అలాగే ఉంచి, రెండు రోజులకోసారి ఓ చూపు వేయండి.